కత్తి ఆగిన చోట

ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక బైబిలు పాత నిబంధననూ, ఖురాన్ తెలుగు అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. కన్నకొడుకు మీద కత్తి ఎత్తిన తండ్రి కథ నన్ను వదల్లేదు. యూదులకు ఆయన అబ్రాహాము, ముస్లింలకు ఇబ్రాహీం. ఆ కథ నాకు నేర్పినవి ఇవి.

1. వాళ్లు పెట్టుకున్న పేరుతోనే పిలవండి.
మనం దీన్ని బలి కథ అంటాం. యూదులు ‘అకేదా’ అంటారు, అంటే కట్టివేయడం. బైబిలు ఆదికాండము 22వ అధ్యాయంలో తండ్రి ఇస్సాకును కట్టి కట్టెల మీద పడుకోబెడతాడు. కత్తి దిగదు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు బలవుతుంది. ఆ పేరు తెలిశాకే కత్తి ఆగడంలో ఈ కథ ప్రాణం ఉందని నాకు తట్టింది.

2. తేడాలను చెరిపెయ్యకండి.
ఖురాన్ 37వ సూరా (అధ్యాయం)లో తండ్రి తన కలను కొడుక్కి చెప్పి, నువ్వేమంటావని అడుగుతాడు. కొడుకు సరేనంటాడు. ఆదికాండంలో తండ్రి కొడుక్కి అసలు సంగతి చెప్పడు. గొర్రెపిల్ల ఏదని కొడుకే అడుగుతాడు. చెప్పలేక లోపలే మోసే తండ్రి ఒకరు, కూర్చోబెట్టి చెప్పే తండ్రి ఒకరు. నా పిల్లల దగ్గర నేను మొదటి రకం. అది తప్పని ఆలస్యంగా తెలిసింది.

3. వాదానికి దిగేముందు పాత పండితులను చదవండి.
ఆ ఘట్టంలో ఖురాన్ కొడుకు పేరు చెప్పదు. 923లో కన్నుమూసిన తబరీ ఇస్‌హాఖ్ (ఇస్సాకు) అన్నారు, 14వ శతాబ్దపు ఇబ్ను కసీర్ ఇంకో కొడుకు ఇస్మాయీల్ (ఇష్మాయేలు) అన్నారు. నేటి ముస్లింలలో ఎక్కువమంది ఇస్మాయీలే అంటారు. ఒకే విశ్వాసంలో ఉండి అంత పెద్దలే విభేదించినప్పుడు, అరుగు మీద కూర్చుని గొంతు పెంచడం మనకెందుకు?

4. అమ్మ ఎక్కడుందో వెతకండి.
అకేదా అధ్యాయంలో ఇస్సాకు తల్లి శారా కనిపించదు. తర్వాతి అధ్యాయం ఆమె మరణంతో మొదలవుతుంది. కొడుకును కట్టివేసిన కబురు విన్నాకే ఆమె ప్రాణం పోయిందన్న పాత కథను 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ అక్కడ గుర్తుచేశారు. ఇస్లాంలో ఇస్మాయీల్ తల్లి హాజరా (బైబిలులో హాగరు), దాహంతో అల్లాడే బిడ్డ కోసం సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. హజ్ యాత్రికులు నేటికీ ఆ దారిన ఏడుసార్లు నడుస్తారు. ఒక తల్లి ఆరాటం లక్షలమందికి ఆరాధన అయింది.

5. పండుగను గమనించండి.
యూదులు తమ కొత్త సంవత్సరం రోష్ హషానా రెండో రోజున అకేదా చదువుతారు. మొదటి రోజున చదివే అధ్యాయంలో, ఇంటి నుంచి వెళ్లగొట్టిన హాగరు కొడుకు ఇష్మాయేలు మొర దేవుడు వింటాడు. ముస్లింలు ఈ కథకు గుర్తుగా జరుపుకునే బక్రీద్‌కు మాంసం మూడు వాటాలు వేయడం ఆనవాయితీ: ఇంటికి, అయినవాళ్లకు, పేదలకు. మాంసమూ రక్తమూ కాదు, మీ భక్తే దేవుణ్ణి చేరుతుందని ఖురాన్ 22వ సూరా సారం.

6. కథను చివరిదాకా చదవండి.
ఆదికాండము 25వ అధ్యాయంలో అబ్రాహామును మక్పేలా గుహలో పాతిపెట్టింది ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని మా అన్నా, నేనూ నాన్న పాడెను చెరో పక్క మోశాం. ఆ రోజూ మాట్లాడుకోలేదు. ఆ వాక్యం చదివిన సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను.