దూరస్థ యంత్రముల సహకారము: వెబ్ సర్వీసుల నిర్మాణమునకు తొలి పాఠము

విశాఖపట్టణ రేవు 1933వ సంవత్సరమున ఓడల రాకపోకలకు తెఱువబడెను. డాల్ఫిన్స్‌నోస్ కొండ ప్రక్కనున్న ఇఱుకైన కాలువగుండ పెద్ద ఓడ లోపలికి వచ్చుట ఒక్కని పని గాదు. రేవు పైలట్ ఓడనెక్కి దారి చూపును; టగ్గులు దానిని లాగి త్రిప్పును; ఒడ్డుననున్నవారు త్రాళ్లు బిగింతురు. వీరిలో ఒకరి మనస్సునందలి మాట మఱియొకరికి తెలియదు. ముందుగా నేర్పఱచుకొనిన సంకేతములే వారి పనులను కలుపును.

ఇట్లే వేర్వేఱు స్థలములందలి కంప్యూటర్లు వార్తల నిచ్చిపుచ్చుకొనుచు ఒకే కార్యమును నెఱవేర్చినయెడల దానిని డిస్ట్రిబ్యూటెడ్ అప్లికేషన్ అందురు. అందొక కంప్యూటరు, నెట్‌వర్కు ద్వారా అడిగిన ఇతర కంప్యూటర్లకు చేసిపెట్టు నియమిత సేవయే వెబ్ సర్వీసు.

ఇట్టి నిర్మాణమునకు తెలుగునాట మొదలైన చక్కని ఉదాహరణ మొకటి గలదు. రైలు టిక్కెట్లను కంప్యూటరుపై రిజర్వు చేయుట 1985లో ఢిల్లీయందు ప్రారంభమయ్యెను. పిమ్మట ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదులందును కేంద్రము లేర్పడెను గాని, ఒక్కొక్క కేంద్రము తన బండ్ల లెక్కనే యెఱుగును. ఈ యైదింటిని కలుపుటకై ‘కన్సర్ట్’ అను కార్యక్రమము నిర్మింపబడి, 1994లో మొట్టమొదట సికింద్రాబాదున నెలకొల్పబడెను. 1999 నాటికి ఐదు కేంద్రములును కలిసెను. లెక్కలన్నిటిని ఒకచోట కుప్పవేయక, ఏ కేంద్రపు లెక్కను ఆ కేంద్రమునందే యుంచి, తక్కినవి దాని నడిగి తెలిసికొనునట్లు చేసిరి. 2002లో ఇంటర్నెట్టుపై టిక్కెట్లిచ్చుట మొదలైన పిదప ఇంటినుండియే చోటడుగ వీలయ్యెను. ఒక్కొక్క లెక్కకు ఒక్కడే యజమాని యుండవలెననుట ఇందుండి మనము నేర్వదగిన మొదటి ధర్మము.

ఇక నిందలి ముఖ్యమైన చిక్కును విచారింతము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు విద్యుచ్ఛక్తియు టెలిఫోనులును స్తంభించెను. పై యూళ్లనుండి పలుకరింపబోయిన బంధువులకు జవాబు రాలేదు. దానినిబట్టి ఇక్కడివారు క్షేమమనియు చెప్పరాదు, అపాయమందున్నారనియు చెప్పరాదు. కంప్యూటర్లకును ఇట్టి సందిగ్ధమే కలుగును.

ఒక ప్రయాణికుడు బెర్తుకై సొమ్ము చెల్లించెననుకొనుడు. జవాబు రాలేదు. కోరిక దారిలోనే పోయియుండవచ్చును. కేంద్రము చేరియు పని జరుగక నిలిచియుండవచ్చును. పని ముగిసి జవాబు మాత్రమే పోయియుండవచ్చును. అడిగినవాని కీ మూడును ఒకే తీరున కనబడును. మరల అడిగినచో సొమ్ము రెండుమాఱులు పోవునేమో. అడుగకున్న చోటు దక్కదేమో. ఆస్పత్రికి ప్రయాణమైన రోగికి ఇది చిన్న విషయము గాదు.

దీనికి ఉపాయ మొకటి గలదు. ప్రతి కోరికకును పంపువాడే ఒక ప్రత్యేక సంఖ్య నీయవలెను. కేంద్రము ఆ సంఖ్యను తానిచ్చిన జవాబుతోకూడ వ్రాసియుంచవలెను. అదే సంఖ్య మరల వచ్చినయెడల పనిని తిరిగి చేయక పూర్వపు జవాబునే పంపవలెను. అప్పుడు పదిమాఱు లడిగినను ఫలము ఒక్కటియే.

ఈ విద్య నారంభింపగోరు విద్యార్థులకు రెండు కంప్యూటర్లును, వానిని కలుపు తీగయు, పైథాన్ భాషలో కొంత పరిచయమును చాలును. పాఠశాల గ్రంథాలయమును ఉదాహరణగా గైకొనుడు.

మొదట కాగితముపై ఒడంబడిక వ్రాయుడు. ఏ ప్రశ్న లడుగవచ్చునో, ఏ రూపమున జవాబు వచ్చునో అందుండవలెను. జేసన్ అను రూపమున జవాబిచ్చుట నేటి వాడుక. అందు ‘పుస్తకము’, ‘ప్రతులు’ మొదలగు పేర్ల కెదురుగా వాని విలువలుండును.

రెండవది, ఫ్లాస్క్ వంటి ఉపకరణముతో ఒక కంప్యూటరునందు పుస్తకముల పట్టికను నిలిపి, రెండవదానినుండి హెచ్‌టిటిపిలోని గెట్ పద్ధతిచే అడుగుడు. పుస్తకము పట్టికలో నున్నచో 200 అను సంకేతముతోను, లేనిచో 404 అను సంకేతముతోను జవాబు రావలెను. గెట్ తెలిసికొనుటకు మాత్రమే గనుక ఎన్నిమాఱు లడిగినను హాని లేదు.

మూడవది, పోస్ట్ పద్ధతిచే పుస్తకమును ఎరవిచ్చు కోరికను చేర్చుడు. ఇది లెక్కను మార్చును గనుక పైన జెప్పిన ప్రత్యేక సంఖ్య తప్పక యుండవలెను. మిగిలిన ఒక్క ప్రతికై ఇద్దరొక్కసారి యడిగినను ఒకరికే దొరకవలెను. ఇందుకై లెక్క చూచుటయు మార్చుటయు విడదీయరాని ఒకే పనిగా జరుగునట్లు, డేటాబేసునందలి ట్రాన్సాక్షన్ అను సాధనమును వాడుడు.

నాల్గవది మిక్కిలి ముఖ్యము. ఎరవు లెక్క వ్రాసిన పిదప, జవాబు పంపుటకు ముందు, సర్వీసు పది సెకను లాగునట్లు చేసి, ఆ నడుమ తీగను ఊడదీయుడు. అడిగిన కంప్యూటరు ఎంతసేపు కాచియుండవలెనో ముందే నిర్ణయింపుడు. గడువు దాటిన పిమ్మట తీగను తగిలించి, అదే సంఖ్యతో మరల అడుగుడు. పుస్తకము ఒక్కమాఱే ఎరవు వెళ్లినట్లు పట్టికలో నున్నచో మీ సర్వీసు ఈ పరీక్షయందు నెగ్గినది. రెండుమాఱు లున్నచో మూడవ పాఠమునకు మరలుడు.

అన్నియు సవ్యముగా సాగునపుడు మాత్రమే పనిచేయు కార్యక్రమమును వ్రాయుట సులభము. తీగ తెగిననాడును ఒకని సొమ్మును, వేఱొకని చోటును చెడకుండ కాపాడుదానిని వ్రాయుటకు అభ్యాసము కావలెను. అట్టి అభ్యాసమునకు గ్రంథాలయపు చిన్నపట్టిక చాలును.