పార్కులో సైకిలుకు చోటు
(బి.యస్సీ., తృతీయ సంవత్సరం)

పార్కు అనగానే మనకు పూలమొక్కలు, సిమెంటు బల్లలు, పిల్లల ఉయ్యాలలు గుర్తుకొస్తాయి. అక్కడికి సైకిలు మీద వచ్చినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఎవరికీ తట్టదు.

కిందటి తొలకరిలో విత్తనాల కోసం మా నాన్నగారు పట్నం వచ్చారు. ఇద్దరం కాసేపు ఒక పార్కులో కూర్చున్నాం. సైకిలు గేటు బయట మట్టిలో స్టాండు వేశాం. తిరిగొచ్చేసరికి వరసలో ఒకటి ఒరిగి, మిగతావన్నీ దానితోపాటు కూలి ఉన్నాయి. మా రిమ్ము వంగింది. విత్తనాలు బురదపాలయ్యాయి. "ఒరేయ్, మీ పార్కులకో దణ్ణంరా!" అన్నారు నాన్నగారు. ఈ వ్యాసానికి ఆ మాటే కారణం.

ఎందుకు పడింది? మనం చదువుకున్న పీడనమే కారణం. సైకిలూ మూటా కలిపి 40 కిలోలనుకుందాం. అందులో 30 కిలోలు స్టాండు మీద పడుతుంది. స్టాండు నేలకు ఆనే చోటు 10 చదరపు సెంటీమీటర్లనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 3 కిలోల బరువు! తడిసిన ఒండ్రు నేల అంత బరువు ఓర్చలేక దిగబడుతుంది. కనుక మొదటి సూత్రం: కింద గట్టి నేల ఉండాలి. ఇటుకలు పరిచినా చాలు.

రెండవది ఆసరా. ముందు చక్రాన్ని గాడిలో దూర్చే స్టాండ్లు కొన్నిచోట్ల ఉన్నాయి. సైకిలు ఒరిగితే బరువంతా రిమ్ము మీదా, ఊచల మీదా పడుతుంది. అంతకంటె ఇనుప గొట్టాన్ని తలకిందుల 'యు' ఆకారంలో వంచి, 75 సెంటీమీటర్లు పైకి ఉండేటట్లు కాంక్రీటులో పాతడం మేలు. సైకిలు ఫ్రేము దానికి ఆనుతుంది. గొలుసు వేసి తాళం పెట్టుకోవచ్చు. ఒక్కో గొట్టానికి రెండు పక్కలా రెండు సైకిళ్లు పడతాయి.

మూడవది కొలత. గొట్టానికీ గొట్టానికీ మధ్య 1 మీటరు, సైకిలు పొడవుకు 2 మీటర్లు వదలాలి. ఒక కారు నిలిపే 5 మీటర్ల పొడవు చోటులో ఈ లెక్కన 10 సైకిళ్లు నిలుస్తాయి.

నాలుగవది నీడ, నిఘా. గేటు పక్కనే, కాపలాదారు కళ్లెదుట, కానుగ చెట్టో వేపచెట్టో ఉన్నచోట పెట్టాలి. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు. కాయ పడితే సైకిలేమిటి, తలే దక్కదు!

నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషనులో 12,500 సైకిళ్లకు చోటు కట్టారు. 2019లో అది పూర్తయింది. మనం అంత అడగడం లేదు. రాజమహేంద్రవరంలో కంబాలచెరువు పార్కు దగ్గరా, గోదావరి గట్టున ఘాట్ల దగ్గరా పదేసి గొట్టాలు పాతితే ఒక్కోచోట 20 సైకిళ్లు నిలబడతాయి. 2015 తరువాత పుష్కరాల సంవత్సరం 2027. ఘాట్లకు మరమ్మతులు చేసేటప్పుడే ఈ చిన్నపనీ కలుపుకోవచ్చు.

పాలు పోసేవాడు, తాపీ పనివాడు, బడిపిల్ల, రైతు — సైకిలు తొక్కేది వీళ్లే. రోజంతా ఒళ్లు వంచినవాడికే గదా చెట్టునీడ ఎక్కువ అవసరం! సైకిలు భద్రంగా ఉందన్న ధీమా ఉంటేనే అతడు బల్లమీద నిశ్చింతగా కూర్చుంటాడు. అలాంటి చోటు ఒకటి ఏర్పడిన రోజున మా నాన్నగారిని మళ్లీ పార్కుకు రమ్మని అడుగుతాను.