మీరజాలగలడా: ఓ హార్మోనిస్టు అనుభవ పాఠాలు

ఖైరతాబాద్‌లో కాపురం, రవీంద్రభారతిలోనూ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనూ పద్యనాటకాలకు హార్మోనియం. నా జీవితం అలా గడిచింది. 'మీరజాలగలడా' అన్న ఒక్క పాట వాయిస్తూ తెలుసుకున్న సంగతులివి.

1. పాట ఎవరిదో ముందు తెలుసుకోండి. ఇప్పటివాళ్లకు అది సుశీల పాట. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమున కోసం ఆమె పాడారు. కానీ దాన్ని రాసింది స్థానం నరసింహారావు. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకంలో తాను సత్యభామ కట్టేటప్పుడు పాడుకోవడానికి రాసుకున్నారు. ఒక మగవాడు చీర కట్టి పాడిన పాట, వింటున్న మనకే తెలియకుండా ఆడవాళ్ల పాటగా స్థిరపడింది.

2. వేషం వేరు, మనిషి వేరు. చింతామణి, మధురవాణి, రోషనార పాత్రలతో స్థానం వారు జనాన్ని ఉర్రూతలూగించారు. తెర దించాక ఆయన నరసింహారావే. ఆయన్ని ఇవాళ్టి ట్రాన్స్ మహిళల్లో కలిపేయకండి. ట్రాన్స్ మహిళ చీర కట్టుకుంటే వేషం వేసిందనీ అనకండి. ఆమెకు తీసి పక్కన పెట్టే వేషమేదీ లేదు.

3. చప్పట్లు ఎవరికి, సంకెళ్లు ఎవరికి అని అడగండి. ఇది నన్ను నిద్రపోనివ్వని సంగతి. 1956లో స్థానం వారికి పద్మశ్రీ వచ్చింది. మహానటుడికి తగిన గౌరవమే. అదే సమయంలో మన హైదరాబాద్‌లో నిజాం కాలపు 1919 నాటి చట్టం అమల్లో ఉంది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో రాసుకునేవారు. వాళ్లు ఆడదుస్తుల్లో, నగలతో వీధిలో కనిపించినా, నలుగురిలో పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. అంటే ఇదే పాట వేదిక మీద కళ, వీధిలో నేరం! తమ లింగ గుర్తింపు తామే చెప్పుకునే హక్కు ప్రతివాళ్లకూ ఉందని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది. అయినా ఆ పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గానీ కొట్టేయలేదు. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవాళ్లు కోర్టుకెక్కి పోరాడితే వచ్చిన తీర్పది.

4. గొంతు మారితే అర్థమూ మారుతుంది. సత్యభామది కృష్ణుడు తన మాట కాదనడన్న ధీమా. తులాభారం ఘట్టంలో ఆ గర్వం తులసిదళం ముందు ఓడిపోతుంది. అందుకే అతిశయం చూపే పాటగానే వాయించేవాణ్ణి. ఆమధ్య ఒక ట్రాన్స్ అమ్మాయి నేర్చుకోవడానికి వచ్చింది. శ్రుతి ఎంత పెట్టమంటావమ్మా అని అడిగితే, "మాస్టారూ, సన్నగా పాడమనకండి. నా గొంతులోనే పాడతాను" అంది. పాడింది కూడా. ఇంట్లో ఒక్కరూ మాట వినని పిల్ల, తన మాటకు తిరుగులేదని పాడుతుంటే అందులో నాకు అతిశయం వినపడలేదు. హక్కు వినపడింది.

5. నాటక సమాజాల పెద్దలకు నా విన్నపం. ఆ అమ్మాయిలాంటి ట్రాన్స్ పిల్లల్ని పిలవండి. సత్యభామ ఇవ్వండి, రుక్మిణి ఇవ్వండి, అడిగితే నారదుడూ ఇవ్వండి. మిగతా నటులకిచ్చే పారితోషికమే వాళ్లకూ ఇవ్వండి. మైకులో వాళ్లు చెప్పుకున్న పేరే చదవండి. హార్మోనియం దగ్గర నేను కూర్చుంటాను.