వృద్ధుల సంక్షేమం: చట్టం, చదువు, కొలువు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. మొదటి రెండూ సూర్యాపేట జిల్లావి, మిర్యాలగూడ మాత్రం నల్లగొండ జిల్లాది. పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. డివిజన్ల మాట ఎందుకంటే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద, బిడ్డలు పట్టించుకోని పెద్దలు రెవెన్యూ డివిజనల్ అధికారి (ఆర్డీఓ) ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెల భరణం గరిష్ఠ పరిమితి రూ.10,000. తల్లిదండ్రుల అప్పీలు కలెక్టర్ అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కు.

విచారణకు ముందే కేసును రాజీ అధికారికి పంపే వీలుంది. సోషల్ వర్క్ చదివినవారి అవసరం ఇక్కడే ఎక్కువ. కొడుకునూ కోడలినీ కూర్చోబెట్టి మాట్లాడే ఓపిక చట్టం పుస్తకంలో దొరకదు, క్షేత్ర శిక్షణలోనే అబ్బుతుంది. మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ (ఎంఎస్‌డబ్ల్యూ) రెండేళ్ల కోర్సు. వృద్ధుల సంరక్షణలో శిక్షణనిచ్చే కేంద్ర సంస్థ ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ.

వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567. పరీక్ష కోసమే కాదు, మీ వీధిలోని పెద్దలకూ ఈ నంబరు చెప్పండి.