గ్రీన్ కార్డు దరఖాస్తు కాలమున స్వదేశ ప్రయాణము

ఉద్యోగార్థము అమెరికాకు వెడలిన బిడ్డ లేని వీధి నేడు మన పట్టణములలో అరుదు. అట్లు వెడలినవారిలో పెక్కుమంది హెచ్-1బి వీసాపై పనిచేయుచు, శాశ్వత నివాసపు హక్కునిచ్చు గ్రీన్ కార్డుకై వేచియున్నారు. తల్లికి జబ్బు చేసినదని ఇంటినుండి కబురు వచ్చినపుడు, "పోవచ్చునా? పోయినచో తిరిగి రానిత్తురా?" యను సందేహము వారిని పీడించును. "ఒక్క వారమునకైనను రాలేడా?" యని ఇచటివారు నొచ్చుకొందురు. ఈ సందేహమునకు సమాధానము మమకారములో లేదు, చట్టములో నున్నది. విద్యార్థులును వారి తల్లిదండ్రులును దానిని తెలిసికొనుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉద్యోగము ద్వారా గ్రీన్ కార్డు పొందుటకు సాధారణముగా మూడు మెట్లు కలవు. ఆ పనికి అర్హుడును సిద్ధుడునగు అమెరికా కార్మికుడు దొరకలేదని యజమాని కార్మిక శాఖ యెదుట నిరూపించుట మొదటిది. ఉద్యోగి పక్షమున యజమాని ఐ-140 అను అర్జీ పెట్టుట రెండవది. ఉద్యోగి తానే ఐ-485 అను అర్జీ పెట్టి, దేశమునందుండియే తన స్థితిని శాశ్వత నివాసిగా మార్చవలసినదని కోరుట మూడవది.

ఈ మూడవ మెట్టు ఎక్కుటకు వరుస రావలెను. 1990 నాటి చట్టము ఉద్యోగ విభాగమునకు ఏటా సుమారు 1,40,000 వీసాలను కేటాయించినది. భార్యాబిడ్డల లెక్కయు ఇందులోనిదే. ఏ ఒక్క దేశమునకును సామాన్యముగా నూటికి 7 వంతులకు మించరాదను నియమము కూడ కలదు. కోరువారు అధికమగుటచే భారతీయుల వరుస ఏండ్ల తరబడి సాగుచున్నది. 2007 వేసవిలో తేదీలు ఒక్కసారిగా తెరువబడగా, ఆ ఆగస్టు 17 వరకు వేలాది మంది ఐ-485 అర్జీలు పెట్టుకొనిరి. పిదప తేదీలు వెనుకకు జరిగినందున వారిలో అనేకులు నిర్ణయము లేకయే ఏండ్లు గడపిరి.

ఇపుడు ప్రయాణము మాటకు వత్తము. మొదటి రెండు మెట్లమీద నున్నవారు దేశము విడిచినంత మాత్రమున అర్జీకి హాని లేదు. తిరిగి ప్రవేశించుటకు చెల్లుబాటగు వీసా ఉండిన చాలును. చిక్కంతయు మూడవ మెట్టునందే కలదు. ఐ-485 పరిశీలనలో నుండగా ముందుగా అనుమతి పొందక దేశము దాటినచో, అర్జీదారుడు తన అర్జీని తానే విడిచిపెట్టినట్లు ప్రభుత్వము భావించును. ఇది శిక్ష కాదు, ఆ అర్జీ స్వభావమే అట్టిది. దేశములోనుండి కోరిన మార్పును దేశము వీడినవాడు వదలుకొన్నట్లేయని చట్టము ఎంచుచున్నది. ఇందులకు రెండు దారులు మినహాయింపుగా నున్నవి.

మొదటి దారి హెచ్-1బి, ఎల్-1 వీసాలు గలవారిది. 1999 లో వచ్చిన నిబంధన ప్రకారము వీరు, వీరిపై ఆధారపడిన భార్యాబిడ్డలు ప్రత్యేకానుమతి లేకయే పోయి రావచ్చును. అయితే తిరిగి వచ్చునపుడు వీసా చెల్లుబాటులో నుండవలెను, అదే యజమాని వద్ద పనికి మరలవలెను. విద్యార్థి వీసాపై నున్నవారికి ఈ వెసులుబాటు లేదు. పాస్‌పోర్టులోని వీసా గడువు తీరినవారు మరల కాన్సులేటు మెట్లెక్కక తప్పదు. హైదరాబాదులో ఆ కార్యాలయము 2023 లో బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుండి నానక్‌రామ్‌గూడకు మారినది. అచట ఆలస్యము సంభవించుటయు కద్దు. 2025 డిసెంబరులో హెచ్-1బి వారి సామాజిక మాధ్యమములను పరిశీలించు నియమము రాగా, మన దేశమున నిర్ణయింపబడిన పెక్కు ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడినవి. సెలవుపై వచ్చినవారు పనికి మరలలేక ఇచటనే నిలిచిపోయిరి.

రెండవ దారి అడ్వాన్స్ పరోల్ అను ముందస్తు అనుమతి. ఐ-131 అను అర్జీ ద్వారా దీనిని కోరవలెను. అర్జీ పెట్టిన చాలదు, అనుమతి పత్రము చేతికి వచ్చిన పిదపనే బయలుదేరవలెను. అది రాకమునుపే వెడలినచో సామాన్యముగా ఆ అర్జీ తిరస్కరింపబడును. భార్యకును బిడ్డలకును వేర్వేరు పత్రములు కావలెను. ఈ పత్రమున్నచో కాన్సులేటు వీసాతో పని లేదు. కాని ఇది ప్రవేశమునకు పూచీ కాదు. విమానాశ్రయమందలి అధికారి పరీక్షించి లోనికి రానిచ్చు అవకాశము మాత్రమే. ప్రయాణకాలములో ఐ-485 తిరస్కరింపబడినచో ఈ పత్రము అక్కరకు రాకపోవచ్చును. కావున హెచ్-1బి వీసాను కూడ నిలుపుకొన్నవానికి రెండవ ఆధారము మిగులును.

చట్టవిరుద్ధముగా ఏడాది లేక అంతకు మించి ఉండి దేశము వీడినవారికి పదేండ్ల ప్రవేశ నిషేధము కలదని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. అడ్వాన్స్ పరోల్‌తో వెడలుట ఈ నిషేధము కొరకు "దేశము వీడుట" కాదని 2012 ఏప్రిల్‌లో వలస అప్పీళ్ల మండలి తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము నడపినవారు భారతీయ దంపతులు. తీర్పు శీర్షికలోని రెండు ఇంటిపేర్లును తెలుగు చెవికి పరిచితములే. అయినను నివాసకాలములో లోపములున్నవారు న్యాయవాది నడుగక కదలరాదు.

అర్జీ పోయినచో నష్టమెంత? ఆమోదింపబడిన ఐ-140 వలన లభించిన వరుస తేదీ సామాన్యముగా నిలుచును. కాని తేదీలు వెనుకకు జరిగియున్నచో కొత్త ఐ-485 పెట్టుటకు మరల ఏండ్లు పట్టవచ్చును. ఆ అర్జీపై ఆధారపడిన పని అనుమతియు పోవును. 21 ఏండ్లకు చేరువైన బిడ్డ తల్లిదండ్రుల అర్జీనుండి జారిపోవు ప్రమాదమును కలదు. ఒక్క ప్రయాణములోని తొందర ఒక కుటుంబమును రెండు దేశములకు పంచివేయగలదు.

కావున మేము సూచించునది ఇది. ఐ-485 తోపాటే ఐ-131 కూడ పెట్టవలెను. ఇప్పట్లో పోవు తలంపు లేదని మానరాదు, ఆపద ముందుగా చెప్పి రాదు. వేలిముద్రలకు పిలుపు వచ్చియున్నచో ప్రయాణమునకు ముందే తేదీ మార్పించుకొనవలెను. తండ్రి మంచమున బడినచో, మరణవార్త వచ్చినచో, వైద్యుని లేఖతో లేక మరణ పత్రముతో స్థానిక వలస కార్యాలయమున అత్యవసర అనుమతిని కోరవచ్చును. ఇచటి వైద్యుని లేఖను వెంటనే సంపాదించి పంపుట ఇంటివారి పని. ఆ కాగితమునందు రోగి పేరు, జబ్బు, ప్రస్తుత స్థితి స్పష్టముగా నుండవలెను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రాలేకపోయిన బిడ్డకు ప్రేమ తగ్గినదని తలపరాదు. "ఎప్పుడు వత్తువు?" అని యడుగుటకు ముందు "పత్రము చేతికి వచ్చినదా?" అని యడుగుడు. రేపు విదేశములకు పోదలచిన విద్యార్థులును పోవు దారితోపాటు తిరుగు దారిని గూర్చియు నేడే చదివి యుంచుకొనవలెను.