శూర్పణఖ తోట

రామాయణం మనందరికీ తెలుసు. పంచవటిలో శూర్పణఖ రాముణ్ణి చూసి మనసు పడింది. లక్ష్మణుడు ఆమె ముక్కు, చెవులు కోశాడు. ఆమె ఏడుస్తూ అన్నల దగ్గరికి పోయింది. చివరికి యుద్ధం వచ్చింది.

తోలుబొమ్మలాటలో ఈ ఘట్టం వస్తే జనం నవ్వుతారు. ఆడమనిషిని తిట్టాలంటే "శూర్పణఖ" అంటారు. కానీ ముక్కు తెగిన ఆ మనిషి తర్వాత ఎలా బతికింది? తన ముఖం తాను ఎలా చూసుకుంది? ఈ మాట ఎవరూ అడగరు.

ఒక రచయిత్రి అడిగారు. ఆమె పేరు ఓల్గా. 1950లో గుంటూరు జిల్లాలో పుట్టారు. ఆమె రాసిన "విముక్త" కథల పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో ఒక కథ పేరు "సమాగమం". అంటే కలుసుకోవడం.

ఆ కథలో సీత వాల్మీకి ఆశ్రమంలో ఉంటుంది. రాముడు అడవికి పంపేశాడు. ఒంటరిగా పిల్లల్ని పెంచుతోంది. ఒకరోజు లవకుశులు మంచి మంచి పూలు తెస్తారు. అడవిలో ఒక తోట ఉందనీ, ఆ తోట ఆమె చూడటానికి బాగుండదనీ చెబుతారు. ఆమె ఎవరో సీతకు అర్థమవుతుంది. వెతుక్కుంటూ వెళుతుంది.

ఆ తోట శూర్పణఖదే. ఆమె తన బాధ దాచుకోదు. మొదట్లో కోపంతో రగిలిపోయింది. అందమైనది ఏది చూసినా పాడుచేయాలనిపించేది. తనతో తానే చాలాకాలం పోరాడింది. మెల్లగా చెట్లను, పూలను ప్రేమించడం నేర్చుకుంది. మొక్కలు పెంచే తన చేతులను చూసి సంతోషపడటం నేర్చుకుంది. ఆమెను ప్రేమించే ఒక తోడు కూడా దొరికాడు.

పిల్లలు పెద్దయి వెళ్లిపోయాక తన దగ్గరికి రమ్మని ఆమె సీతను పిలుస్తుంది. దెబ్బతిన్న ఇద్దరు ఆడవాళ్లు స్నేహితులవుతారు.

చూశారా! పోయిన ముక్కు తిరిగి రాలేదు. పగా తీరలేదు. అయినా ఆమె మళ్లీ మనిషిగా నిలబడింది. దానికి కాలం పట్టింది. చేతికి పని దొరికింది. చెప్పుకుంటే వినే మనిషి దొరికింది.

ఇది పాతకాలం సంగతి మాత్రమే కాదు. ప్రేమించలేదని అమ్మాయిల ముఖం మీద యాసిడ్ పోసేవాళ్లు ఈనాడూ ఉన్నారు. 2013లో ఇందుకోసం చట్టాన్ని సవరించారు. ఈ నేరానికి శిక్ష కనీసం పదేళ్ల జైలు. బాధితురాలు వస్తే ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

ఒంటి గాయానికి ఆసుపత్రి ఉంది. మరి మనసు గాయానికి? ఆమె ఎదురైతే ముఖం తిప్పుకోకుండా పలకరించడం మన చేతిలోనే ఉంది. సీత చేసింది అదే.

మాట్లాడుకోండి:
1. శూర్పణఖ మళ్లీ ఎలా కోలుకుంది?
2. సీత ఆమెను వెతుక్కుంటూ ఎందుకు వెళ్లి ఉంటుంది?
3. మీ ఊళ్లో దెబ్బతిన్న ఆడవాళ్లకు మీరు ఏ విధంగా తోడు నిలవగలరు?