మెలికల ముగ్గు - మన చూపు

సంక్రాంతి నెల పట్టిందంటే ఏలూరు వీధుల్లో ఎటు చూసినా ముగ్గులే. మీరు వేసే మెలికల ముగ్గే చూడండి. ఒక గీత ఇంకో గీతను దాటే చోట చూపు పక్కకు మళ్ళదు. వంపు సాగే వైపే పోతుంది. ఈ సంగతి 1923లో జర్మనీ పండితుడు వెర్తైమర్ రాశాడు. మన అమ్మమ్మల వేళ్ళకు ఎప్పుడో తెలుసు!

కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతు ఎగురుతుంటే చూపు దాని వెంటే జారుతూ పోతుంది. కదలని గీత మీద అలా జారదు. గెంతుతుంది, ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఆ గెంతులో చిన్న వంపు తప్పిపోవచ్చు. 'వ' చివర వంపు పైకి లేస్తే 'మ'. అది చూడకపోతే 'మరి' కాస్తా 'వరి' అవుతుంది.

అంకెలతో మరీ జాగ్రత్త. 3కు ఎడమవైపు వంపులు మూస్తే 8. 300 అప్పు 800 అయి కూర్చుంటుంది! చీటీ మీద వేలు పెట్టి జరుపుతూ చదవండి. కదిలే వేలి వెంట చూపు పోతుంది. అంకె పక్కన అక్షరాల్లో కూడా రాయించుకోండి: మూడు వందలు.